ఒకే మైకు చుట్టూ పాడిన ప్రేమపాటలు: నా ఆల్బమ్ అనుభవం

నేను రాసి, బాణీ కట్టి, పాడిన ప్రేమగీతాల ఆల్బమ్ ఈమధ్యే విడుదలైంది. విన్నవాళ్లలో చాలామంది "పాతకాలం సౌండ్ ఎలా వచ్చింది, ఏ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపే ఎఫెక్ట్) వాడారు?" అని అడుగుతున్నారు. ప్లగిన్‌తో వచ్చింది కాదది. ఇలాంటి పాటలు చేయాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఎలా చేశామో రాస్తున్నాను.

నన్ను ఈ దారి పట్టించినవి సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారు, గాయని ఆర్. బాలసరస్వతీదేవి గారు పాడిన ప్రైవేటు గీతాలు. సినిమాతో పనిలేకుండా గ్రామఫోను రికార్డు కోసమే పుట్టిన పాటలవి. ఇప్పుడు మనం ఇండీ పాప్ అని పిలుచుకునేది తెలుగులో అప్పుడే ఉంది. 78 ఆర్‌పీఎం రికార్డు మీద ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో చిన్న బిట్లు, అంతే. నేనూ ఆ హద్దులోనే ఉండాలనుకున్నాను. మూడో చరణం ఎంత బాగా కుదిరినా పక్కన పెట్టేశాను. అలా తీసేశాక మిగిలిన మాటలకి బలం వచ్చింది.

సాహిత్యంలో మాత్రం పాతదనం కోసం పాకులాడలేదు. జాబిలి, వెన్నెల, విరహం అని పేర్చినంత మాత్రాన పాట పాతది కాదు. అమీర్‌పేట మెట్రోలో దిగి ఒకరు మియాపూర్ వైపు, ఒకరు నాగోలు వైపు విడిపోయే జంట మీద రాశాను. ఆ అమ్మాయి మాట్లాడే తీరులో మర్యాద, కాస్త బిడియం ఉంచాను. నాకు ఆ పాటల్లో నచ్చేది ఆ బిడియమే.

రికార్డింగ్ దగ్గర కష్టమైంది. అడిగిన ప్రతిచోటా ఒకటే మాట: ముందు క్లిక్ (హెడ్‌ఫోన్లలో లయ చూపే టిక్ టిక్ శబ్దం) వేద్దాం, తబలా ఒక రోజు, వయొలిన్లు ఇంకో రోజు, గొంతు చివర్లో. నాకేమో అందరం ఒక గదిలో కూర్చుని కలిసి వాయించాలి. చివరికి చెక్క నేల ఉన్న పాత రిహార్సల్ హాలొకటి అద్దెకి దొరికింది. ఒక మిత్రుడు రిబ్బన్ మైకు ఇచ్చాడు. ఈ మైకు ముందూ వెనకా సమానంగా వింటుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. అందుకని యుగళగీతానికి నేనొకవైపు, నాతో పాడే అబ్బాయి ఎదురుగా అటువైపు నిలబడ్డాం. తబలాని పక్కకి జరిపాం. క్లారినెట్ మాస్టారు నా వెనక నాలుగడుగుల దూరంలో కూర్చున్నారు. సౌండ్ పెంచాలంటే మైకు దగ్గరికి, తగ్గించాలంటే వెనక్కి. మిక్సింగ్ బల్ల మీద సౌండ్ పెంచే, తగ్గించే ఫేడర్లతో చేసే పని కుర్చీలు జరిపి చేశాం. ఒకరు తప్పితే అందరం మళ్లీ మొదటి నుంచి.

రెండో పాటకి మాస్టారు అన్నారు: "అమ్మాయ్, ఆ క్లిక్ తీసెయ్యి. చరణం చివర నువ్వు ఊపిరి ఎక్కడ తీస్తావో నాకు కనపడాలి." ఆయన కుర్చీ నా పక్కకి మార్చి, హెడ్‌ఫోన్లు తీసేశాం. తిశ్ర నడకకి (మూడేసి మాత్రల లయకి) ఊపు అప్పుడొచ్చింది.

అందరి ధ్వనీ ఒకే మైకులో కలిసిపోయింది కాబట్టి మిక్సింగ్‌కి పెద్దగా మిగల్లేదు. గొంతుకి ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) పెడితే వెనక ఉన్న వయొలిన్ కూడా మారిపోతుంది, కాబట్టి ఆ ఆలోచనే లేదు. ఎడమ, కుడి అని విడదీయకుండా మోనోలోనే ఉంచాం. సూది చప్పుడు కలపమని సలహా వచ్చింది, ఒప్పుకోలేదు. ఆనాటి ఇంజినీర్లు వద్దనుకున్న చప్పుడది. విడుదలకి ముందు చివరి మెరుగు పెట్టే మాస్టరింగ్‌లో సౌండ్ బాగా పెంచమన్నారు. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి సర్దేస్తుంది కదా, ఇక నొక్కి నొక్కి పెంచి లాభమేంటి?

ఆ పాత గీతాల్లో ఒకటి మళ్లీ పాడాలని చాలా ఆశపడ్డాను. ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. మన దేశంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన 60 ఏళ్లకి తీరిపోతుంది గానీ, బాణీ మీద హక్కు కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. రాజేశ్వరరావు గారు 1999లో పోయారు, అంటే ఆయన బాణీలకి 2059 చివరిదాకా రక్షణ ఉంది. సాహిత్యానికి రచయితని బట్టి వేరే లెక్క. కాపీరైట్ చట్టం సెక్షన్ 31సి కింద కవర్ (పాత పాటని మళ్లీ పాడి రికార్డు చేయడం) చేయొచ్చు, కానీ ముందే నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందుగా కట్టాలి. నాలాంటి సొంత ఖర్చు మనిషికి అది భారం. ఆ పాట స్థానంలో భీంపలాస్ రాగంలో నాదే ఒకటి చేశాను.

విడుదల పని తేలిగ్గానే అయిపోయింది. ప్రతి పాటకీ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ని గుర్తించే నంబరు) పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే లెక్కలోకి వస్తుంది కాబట్టి ప్రిల్యూడ్ (పల్లవికి ముందు వచ్చే వాద్యం) కోసెయ్యమన్నారు. మొదటి పాటలో నా గొంతు వచ్చేసరికి ఆ 30 సెకన్లూ దాటిపోతాయి. అలాగే ఉంచాను, ఎందుకంటే ఆ క్లారినెట్ వినకపోతే పల్లవి అర్థం కాదు.

పాత రికార్డుల మీద తబలా ఎవరో, వయొలిన్ ఎవరో చాలాసార్లు కనపడదు. మా ఆల్బమ్‌లో ప్రతి పాటకీ వాయించిన అందరి పేర్లూ క్రెడిట్స్‌లో ఎక్కించాం. మీరు చేసేటప్పుడు ఆ వివరాలు అప్‌లోడ్ రోజే నింపండి, సాహిత్యం, బాణీ ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకి, స్వరకర్తలకి రాయల్టీ వసూలు చేసే సంస్థలో) నమోదు చేయించండి.