రంగు సమంగా పట్టాలంటే ముందు ఉతుకు, నీళ్లు చూసుకోండి

ఇంట్లో రంగు వేస్తే గుడ్డ మచ్చలు మచ్చలుగా వచ్చిందని చాలామంది రంగు పొడినే తిట్టుకుంటారు. నన్నడిగితే చాలావరకు తేడా వచ్చేది ఉతుకులో, నీళ్లలోనే.

కొత్త కాటన్ గుడ్డలో గంజి ఉంటుంది, అది ఉన్నచోట రంగు లోపలికి పోదు. వేడినీళ్లలో డిటర్జెంట్, కాస్త చాకలి సోడా వేసి నానబెట్టి, ఉతికి బాగా జాడించండి. ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే సరే, ముత్యంలా నిలబడితే ఇంకోసారి ఉతకాల్సిందే.

ఇక మన అనంతపురం నీళ్లు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుందే, అదంతా బోరు నీళ్లలోని సున్నమే. రంగు పట్టడానికి చివర్లో వేసే చాకలి సోడా రంగు నీళ్లలో పడగానే ఆ సున్నం తెల్లటి నలుసులుగా విడిపోయి గుడ్డకి అంటుకుంటుంది, అక్కడ రంగు మసకబారుతుంది. నేనైతే మిద్దె మీద పట్టిన వాన నీళ్లు, అవి లేకపోతే ఫిల్టర్ నీళ్లు వాడతాను. అరకిలో కాటన్ చీరకి దాని బరువుకి 20 రెట్లు నీళ్లు, అంటే 10 లీటర్లు, సగం క్యాన్‌తో అయిపోతుంది. జాడించడానికి బోరు నీళ్లు చాలు.

కాటన్‌కి రియాక్టివ్ రంగు, అంటే దారంతోనే కలిసిపోయి అతుక్కునే రకం, తీసుకోండి. పొడి ముక్కులోకి పోకుండా మాస్కు, చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పొడిని కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, పల్చన చేసి, పాత పంచె గుడ్డతో వడకట్టాకే తొట్టిలో పోయండి. కరగని రవ్వ ఒక్కటి చాలు చీర మీద చుక్క పడటానికి. గుడ్డని పొడిగా వేయొద్దు, తడిపి పిండి, మడతలు విప్పి వేయాలి. లీటరుకి 50 గ్రాముల లెక్కన ఉప్పు, అదీ మూడు విడతలుగా, ఎందుకంటే రంగుని గుడ్డ వైపు తోసేది ఉప్పే, ఒక్కసారే పోస్తే రంగు గబగబా ఎక్కి చారలు కడుతుంది. ఉప్పు వేసే ఈ అరగంటా చెయ్యి ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. ధర్మవరంలో పట్టు నూలుకి రంగు వేసేవాళ్లు కర్రలకి వేలాడదీసి తిప్పుతూనే ఉంటారు కదా, అందుకే ఆ రంగు అంత సాఫీగా ఉంటుంది.

సోడా చివర్లోనే. అది పడ్డాక రంగు దారంలో పాతుకుపోతుంది, ఇక సర్దుకోదు. గుడ్డ బయటికి తీసి, విడిగా కరిగించిన సోడా కలిపి, మళ్లీ వేసి గంటసేపు ఉంచండి. తర్వాత చల్లటి నీళ్లలో జాడించి, వేడి సబ్బు నీళ్లలో ఉతికేయడమే.

ఇంకోటి, కుట్టిన జుబ్బాకైతే వేయకండి. కుట్టు దారం పాలిస్టర్ అయితే తెల్లగానే మిగిలిపోతుంది, గుడ్డగా ఉన్నప్పుడే వేసి తర్వాత టైలర్‌కివ్వండి.