అత్తయ్య స్టేటస్

మొన్న మంగళగిరి వెళ్లాను. పొద్దున్నే అత్తయ్య గుమ్మం ముందు మంచం మీద చీర పరిచి, నిజాం అంచు కనబడేలా కొంగు సర్ది, తన నీడ పడకుండా పక్కకు జరిగి ఫోటో తీసింది. "వెలుతుర్లో తీయకపోతే రంగు తేడాగా పడుతుందిరా. చీర చేరాక వాళ్లు బాధపడతారు" అంది. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన పది నిమిషాలకే "ఇది నాకు ఉంచండి" అని మెసేజ్. డబ్బులు ఫోన్లోనే, చీర కొరియర్లో. షాపు లేదు, అద్దె లేదు. ఆమెను చూస్తే ఎంత గర్వంగా అనిపించిందో!

ఈ యాప్‌ని ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2014లో ప్రకటించింది. అప్పట్లో ఏడాదికి దాదాపు ఒక డాలర్ ఫీజు ఉండేది, 2016లో అదీ తీసేశారు. ఇప్పుడు కంపెనీలు కస్టమర్లకు పంపే మెసేజీల మీద వాట్సాప్ సంపాదిస్తోంది. స్టేటస్‌ల మధ్య ప్రకటనలు కూడా వస్తాయని 2025 జూన్‌లో చెప్పారు. అది చదివినప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. డబ్బు పెట్టగలిగే పెద్ద షాపుల మధ్య అత్తయ్య మగ్గం చీర ఎవరి కంట పడుతుంది?

ఆ మాట ఆమెతో అనలేకపోయాను. నేను బయల్దేరేసరికి రెండో చీర పరుస్తోంది.