నవంబర్ నార్మలే అంట!

ఈరోజు సైట్‌కి వెళ్ళలేదు, పొద్దున్నించీ ఎక్సెల్ ముందే కూర్చున్నా. చెన్నైలో ఓఎమ్మార్ రోడ్డు పక్క మేం కడుతున్న ప్రాజెక్ట్‌కి టైమ్ ఎక్స్‌టెన్షన్ అడగాలి, దానికి వాన లెక్కలు కావాలి. క్లయింట్ తరఫు కన్సల్టెంట్ ఏమో ఒక చార్ట్ పంపి చేతులు దులిపేసుకున్నాడు. నెలకో నీలం కడ్డీ వానకి, దాని మీంచి పోయే ఎర్ర గీత ఉష్ణోగ్రతకి. కింద ఒకటే లైను: నవంబర్ వర్షం నార్మల్‌లోనే ఉంది కాబట్టి అదనపు రోజులు కుదరవు. మామూలు వాన కాంట్రాక్టర్ నెత్తిన, అసాధారణమైన వానకే రోజులు, అది అగ్రిమెంట్‌లోనే ఉంది, దాంతో నాకు పేచీ లేదు. ఏం చూసి నార్మల్ అన్నాడన్నదే పేచీ.

నిజానికి చార్ట్ తప్పేం కాదు. చెన్నైకి జనవరి నుంచి ఏప్రిల్ దాకా కడ్డీలు నేలకి అతుక్కుని ఉంటాయి, జూన్ నుంచి కొద్దికొద్దిగా లేస్తాయి (సాయంత్రం ఉరుములు, ఓ గంట వాన, పొద్దున్నకి రోడ్డు ఆరిపోద్ది), అక్టోబర్‌లో ఒక్కసారిగా 300 మి.మీ. దగ్గరికి, నవంబర్‌లో 350-400కి ఎక్కి, డిసెంబర్‌లో సగానికి దిగిపోతాయి. ఏడాది మొత్తం 1300-1400 అనుకుంటే అందులో 60 శాతం దాకా ఈ మూడు నెలల్లోనే. నైరుతి గాలి తన తడంతా పడమటి కనుమల అవతలే దించేసి ఇటు వస్తది, ఈశాన్య గాలి బంగాళాఖాతం మీంచి వస్తూ తెచ్చేదే ఇక్కడి వాన, మధ్యలో అల్పపీడనాలు సరేసరి. గోదావరి జిల్లావాణ్ణి కదా, వానాకాలమంటే నాకు జూన్ తొలకరే, ఇక్కడ జూలైలో చొక్కా తడిసేది చెమటకి. మా వాచ్‌మన్ తాత "ఐప్పసి అడై మళై, కార్తిగై కన మళై" అంటుంటాడు (ఐప్పసి నెలలో ముసురు వాన, కార్తీకంలో భారీ వాన అని), నీలం కడ్డీలు చెప్పేది కూడా అదే.

మరి ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని మా బెంగళూరు హెడ్డాఫీస్ ప్లానింగ్‌లో జూన్-సెప్టెంబర్ వానాకాలం అని పెట్టేసి, బేస్‌మెంట్ తవ్వకం తెచ్చి అక్టోబర్‌లో పడేశారు. పోనీ బెంగళూరు చార్ట్ అలా ఉంటదా అంటే అదీ లేదు, అక్కడ మేలోనే ఒక గుట్ట, సెప్టెంబర్-అక్టోబర్‌లో ఇంకో పెద్ద గుట్ట. ఎవరో ఎప్పుడో చేసిన టెంప్లేట్, ఊరు పేరు మార్చి వాడేస్తున్నారంతే. ప్లానింగ్ కుర్రాడికి ఫోన్ చేస్తే "అన్నా, అక్టోబర్‌కి మాన్సూన్ అయిపోద్ది కదా" అన్నాడు. గుంటూరు కుర్రాడు, పని మంచిగా చేస్తాడు, కానీ తుఫాన్లు మీ ఊరి మీదకి వచ్చేది ఏ నెలలోరా బాబూ అంటే నవ్వేశాడు.

సరే, నార్మల్ సంగతి. అది ముప్పై ఏళ్ళ సగటు, ఇప్పుడు వాడేది 1991 నుంచి 2020 దాకా. అందులో 2015 నవంబర్ ఉంది, చెన్నైలో ఆ ఒక్క నెలలోనే వెయ్యి మి.మీ. దాటిపోయింది. ఆ మరుసటి ఏడాది 2016 కూడా ఉంది, తమిళనాడులో ఈశాన్య రుతుపవనం 62 శాతం తక్కువ పడిన ఏడాది. మునిగిన ఏడాదినీ ఎండిన ఏడాదినీ కలిపి భాగిస్తే తేలే సగటు నవంబర్ సైట్‌లో ఎవడికీ కనపడదు. అంతకంటే ముఖ్యం, నెల మొత్తం వాన ఎన్ని రోజుల్లో పడిందన్నది. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితేనే అది వాన రోజు. 350 మి.మీ. ఇరవై రోజులకి పంచి పడితే రోజూ కొంత పని పోద్ది, కొంత నడుస్తది. అదే నాలుగు రోజుల్లో కుమ్మేస్తే? చదరపు మీటర్ మీద ఒక మి.మీ. అంటే ఒక లీటర్, 2000 చదరపు మీటర్ల గొయ్యిలో 100 మి.మీ. పడితే రెండు లక్షల లీటర్లు, 12 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు నిండి ఇంకా మిగుల్తది, చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చేది వేరే. వాన ఆగాక కూడా పంపులు తిరుగుతూనే ఉంటాయి, బురదలో రాఫ్ట్ (బిల్డింగ్ కింద పరిచే పునాది పలక) కమ్మీ కట్టలేం. ఆ రోజులన్నీ టేబుల్లో సున్నా వానతో ఎండిన రోజులే!

ఇంకోటి, చాలామంది చూడనిది. రీడింగ్ తీసేది పొద్దున్న 8.30కి, అప్పటిదాకా గడిచిన 24 గంటల వాన ఆ తారీఖు కింద రాస్తారు. అంటే 30న పగలూ రాత్రీ కురిసింది 1వ తారీఖు ఖాతాలోకి, పక్క నెలలోకి పోద్ది. 2015లో డిసెంబర్ 1న తాంబరంలో పడిన 49 సెం.మీ. కూడా 2వ తారీఖు ఉదయం రీడింగే. మా రిజిస్టర్‌లో మేస్త్రి రాసిన తేదీకీ వాళ్ళ షీట్‌కీ ఒక రోజు తేడా ఎందుకుందని కన్సల్టెంట్ ఎర్ర మార్క్ పెట్టాడు, ఇదే కారణం అని పెద్ద పేరా రాశా. పైగా వాళ్ళు తీసుకున్నది నుంగంబాక్కం వాతావరణ కేంద్రం లెక్క, మాకు మీనంబాక్కం కేంద్రమే దగ్గర, మేఘం ఒక ఏరియాని ముంచి పక్క ఏరియాని వదిలేసే ఊరిది.

ఎర్ర గీత గురించి కూడా. మేకి 33 చూపిస్తుంటే మా జూనియర్ "సార్, 33 అంటే పర్లేదు కదా" అన్నాడు. పగటి 37-38నీ రాత్రి 28నీ కలిపి సగం చేస్తే వచ్చిన 33 నాయనా అది. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయన్నారు మనోళ్ళు, 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు కొట్టింది. సముద్రపు గాలి మధ్యాహ్నానికల్లా వస్తే బతికిపోతాం, లేటైన రోజు 40 దాటేస్తది, ఐఎస్ 7861 (కాంక్రీట్ పనికి మన దేశపు ప్రమాణం) ప్రకారం 40 దాటితే వేడి వాతావరణపు కాంక్రీట్ జాగ్రత్తలన్నీ పాటించాల్సిందే. సగటు గీత చూసి స్లాబ్ పోసే టైమ్ పెట్టుకుంటే పగుళ్ళు లెక్కపెట్టుకోవాలి.

సాయంత్రానికి రోజువారీ షీట్, పంపుల లాగ్ బుక్, ఫొటోలు అన్నీ జతచేసి మెయిల్ కొట్టా. ఒప్పుకుంటాడో లేదో, సగం రోజులిచ్చినా సంతోషమే. రెండో టవర్‌కి మాత్రం ప్లాన్ మార్పించా, తవ్వకం సంక్రాంతి అయ్యాక, రాఫ్ట్ మార్చిలోపు, మే స్లాబులు రాత్రి పూట. కుర్రాడు అన్నీ ఒప్పుకుని చివర్లో అడిగాడు, "అన్నా, మరి రాత్రి షిఫ్ట్ ఖర్చు ఎవరి ఖాతాలో వెయ్యమంటావు?" ప్రాజెక్ట్ మేనేజర్ గారిని అడిగి చెప్తాన్లే అని ఫోన్ పెట్టేశా.