వీసాలో పెయింటర్

నా వీసా కాగితంలో వృత్తి అన్నచోట ‘పెయింటర్’ అని ఉండేది. టెక్కలిలోనూ నన్ను అందరూ పెయింటర్ అనే పిలిచేవారు కాబట్టి ఆ మాట చూసి సంతోషించాను. ఒమన్‌లో దిగిన నాలుగో రోజున సోహార్ వైపు తీసుకువెళ్లి, ఇసుక కొట్టి తుప్పు వదిలించిన ఇనుప ట్యాంకు ముందు నిలబెట్టి, స్ప్రే గన్ చేతికిచ్చినప్పుడు గాని ఆ పెయింటర్ వేరు, ఈ పెయింటర్ వేరు అన్న సంగతి నాకు తెలియలేదు.

టెక్కలిలో మా గురువుగారి కొట్టులో సైన్‌బోర్డులు, ఎన్నికల గోడరాతలు, చనిపోయినవారి పటాలు వేసేవాళ్లం. చేయి తిరగడానికి ఆయన మా చేత వడ్డాది పాపయ్యగారి చందమామ అట్టబొమ్మలు దించించేవారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషి గీసిన బొమ్మలు దేశమంతా చూసిందన్నది ఆయనకు సొంత గర్వం. తరువాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాయి, కొట్టు మూతపడింది. మా పక్క ఇలాంటి కథలు కొత్తవి కావు గనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని ఒమన్‌లో నియమముంది. ఆ మూడు గంటలూ అందరూ రేకుల షెడ్డులో నడుము వాల్చేవారు. నిద్రపోయే మనిషి కదలడు కాబట్టి బొమ్మ నేర్చుకునేవాడికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. సిమెంటు సంచుల కాగితం మీద పెన్సిలుతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి మస్కట్‌లోని రువీలో కొన్న అక్రిలిక్ రంగుల దాకా వచ్చాను. నూనె రంగుల వాసన ఎనిమిది మంది పడుకునే ఏసీ గదిలో ఎవరూ భరించరు.

అసలు చిక్కు రంగు దగ్గరే వచ్చింది. మా కొట్టులో ముఖానికంతటికీ ఒకటే గొట్టం, ‘ఫ్లెష్ టింట్’. ఎవరి పటమైనా అందులో కాస్త తెలుపో గోధుమో కలిపి లాగించేవాళ్లం. ఇక్కడ నా పక్క మంచం మీద పెషావర్ పఠాన్, ఎదుట సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీ, తలుపు దగ్గర నేపాలీ, పై మంచం మీద ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ ఉన్నారు. ఆ గొట్టం వీరిలో ఒక్కరికీ సరిపోలేదు. తెల్లటి చర్మం నీడలో పచ్చదనం దాగి ఉంటుందని, నల్లటి చెంప మీద ఆకాశం పడినప్పుడు మెరుపు నీలంగా ఉంటుందని, నీడకు నలుపు వాడితే ముఖం మసి పూసినట్టవుతుందని, బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపితే అదే నీడ ప్రాణం పోసుకుంటుందని, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి చొప్పున, చాలా కాగితాలు పాడుచేశాక నేర్చుకున్నాను.

పోలిక కుదిరితే చాలనుకున్నది కూడా నా అమాయకత్వమే. నేపాలీకి తన ఢాకా టోపీ మీది నేత తప్పకూడదు. పఠాన్ పకోల్ టోపీ అంచు ఎంత మడతపడాలో దగ్గర కూర్చుని సరిచేసేవాడు. ప్రాణుల బొమ్మ గీయడం మతరీత్యా తగదని ఒక పెద్దాయన మర్యాదగా వద్దని, తన ఊరి కొండను గీసిమ్మన్నారు. మాటల్లో చెప్పించుకుని గీసిన ఆ కొండే నేను వేసినవాటిలో నాకు బాగా నచ్చినది. మా బస్సు డ్రైవరు ఒమనీ. 1964 తిరుగుబాటు తరువాత ఆయన తల్లిదండ్రులు తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ విడిచి వచ్చారట. ఇంట్లో స్వాహిలీ మాట్లాడేవారు. ఆయన వేసుకునే పొడవాటి ఒమనీ అంగీ, దిష్‌దాషాకు మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చును నేను సరిగ్గా నడిమికి గీశాను. అది పక్కకు ఉండాలని, దాని పేరు ఫురాఖా అని, అత్తరు అద్దుకునేది దానికేనని చెప్పి, వాసన చూడమని దగ్గరకు పిలిచారు. బొమ్మలో వాసన రాదు గాని, ఆ తరువాత దాన్ని తప్పు గీయలేదు.

రంగు విషయంలో నన్ను ఇబ్బంది పెట్టినవారు మనవాళ్లే. సోంపేట తమ్ముడొకడు ఇంటికి పంపడానికి బొమ్మ వేయించుకుంటూ, “కాసింత ఎర్రగా ఎయ్యన్నా, మాయమ్మ సూసి సంతోషపడతాది” అన్నాడు. ఎండలో ట్యాంకులెక్కి నల్లబడిన కొడుకును తల్లికి చూపించలేని బాధ అది అనుకుని, తెలుపు కలిపి ఇచ్చాను. అలాంటివి మరికొన్ని వేశాను, రెండేసి రియాళ్లు తీసుకున్నాను. అవి ఇప్పటికీ ఎవరి గోడలకో ఉండి ఉంటాయి, వాటి మీద నా సంతకం ఉండటం నాకు బాగుండదు.

తిరిగి వచ్చి టెక్కలిలోనే చిన్న గది తీసుకున్నాను. ఫ్లెక్సీ మీద నమ్మకం లేనివారు పటాలకు వస్తున్నారు. మొన్న నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసి పోయిన భర్త ఫొటో పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. అది స్టూడియోలో తీసిన తెల్లటి ఫొటో. మనిషి ఎలా ఉండేవాడని అడిగి, ఆమె చెబుతుండగా రంగు కలిపాను. మూడో రోజున వచ్చి, పటం ముందు చాలాసేపు నిలబడి, “సెవి కింద ఇంకా నలుపుండాల బావూ, ఎండ అక్కడే కొట్టేది” అంది. మళ్లీ కుంచె తీశాను.