తండ్రికి తెలియకుండా ఆడిన రైట్ బ్యాక్

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో మా అబ్బాయి పిల్లల ఫుట్‌బాల్ జట్టుకి రైట్ బ్యాక్ ఆడతాడు, అంటే కుడివైపు నుంచి గోల్ పడకుండా కాచేవాడు. రాజమండ్రి నుంచి మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "ఎన్ని గోల్స్ కొట్టావురా?" అనే అడుగుతారు. "నేను కొట్టేవాణ్ణి కాదు తాతయ్యా, ఆపేవాణ్ణి" అంటాడు వీడు. అందుకని ఇద్దరికీ పాతకాలపు రైట్ బ్యాక్ డొనాల్డ్ కాల్మన్ కథ చెప్పాను.

కాల్మన్ 1878లో స్కాట్లాండ్‌లోనే రెంటన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1888లో ఆ ఊరి జట్టు స్కాటిష్ కప్ గెలిచింది. ఇంగ్లిష్ కప్ గెలిచిన వెస్ట్ బ్రామ్‌విచ్‌ని కూడా ఓడించి, ప్రపంచ విజేతలం మేమేనని చాటుకుంది. అలాంటి ఊళ్లో పెరిగే పిల్లాడు బంతి వెంట పడడా? తండ్రికేమో ఫుట్‌బాల్ గిట్టదు. కాల్మన్ అసలు పేరు డొనాల్డ్ కనింగ్‌హామ్. ఆడుతున్న సంగతి ఇంట్లో తెలియకూడదని కాల్మన్ అని పేరు మార్చుకున్నాడు. చివరిదాకా ఆ పేరే నిలిచిపోయింది.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఇక్కడి మన ఇళ్లల్లోనూ ఆట అంటే చదువు పాడవుతుందనే టెన్షన్ ఉంది. మా వాడు మాత్రం ఓడినా గెలిచినా బురద బూట్లతోనే వచ్చి అంతా చెప్పాలి. మ్యాచ్‌లు శనివారం కాబట్టి, తెలుగు క్లాసు ఆదివారానికి మార్చుకున్నాం. రెండూ ఉండాల్సిందే.

1907లో అబర్డీన్ క్లబ్బుకి ఆడటానికి వచ్చేసరికి కాల్మన్‌కి ముప్ఫై దగ్గరపడ్డాయి. స్కాట్లాండ్ తరఫున మొదటిసారి ఆడింది 1911లో, 32 ఏళ్లకి. మొత్తం ఆడినవి నాలుగు మ్యాచ్‌లే. తర్వాత ఇదే క్లబ్బుకి ట్రైనర్ అయ్యాడు. ఆటగాళ్ల పాదాల కదలిక దగ్గరగా చూడాలని, నోట్సు వానకి తడవకూడదని, క్లబ్బు సొంత మైదానం పిటోడ్రీ అంచున నేల కాస్త తవ్వించి పైకప్పు వేయించాడు. ఇవాళ చాలా మైదానాల్లో కోచ్‌లు, అదనపు ఆటగాళ్లు కూర్చునే డగౌట్ అలా మొదలైంది. అది చూసి ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్ వాళ్లు తమ మైదానంలోనూ కట్టించుకున్నారు.

మా వాడు స్కూల్లో కాల్మన్ గురించే మాట్లాడతానన్నాడు. ముందు తెలుగులో నాకు అప్పజెప్పాడు. ఆఫ్‌సైడ్ దగ్గర తడబడ్డాడు. 1925 దాకా, బంతి అందించే వేళకి దాడికొచ్చినవాడికీ గోల్ లైనుకీ మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు ఉండాల్సి వచ్చేది; లేకపోతే అది ఆఫ్‌సైడ్ అనే తప్పు. భోజనాల బల్ల మీద చెంచాలు పేర్చి చూసుకున్నాం: గోలీ, ఒక బ్యాక్ వెనకే ఉన్నా సరే, బంతి అందించే వేళకి రెండో బ్యాక్ ముందుకి జరిగితే చాలు, వచ్చినవాడు ఆఫ్‌సైడే.