జబ్బు నాకు, మాటలు మా అబ్బాయితో

నాకు ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్. దానికోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ. నిన్న కొత్త పీఎస్ఏ రిపోర్టు వచ్చింది, అంకె పెరగలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. అరవై దాటిన మగవాళ్లు చదవండి. వాళ్ల కొడుకులు తప్పకుండా చదవండి.

నాకు 69. ప్రోస్టేట్ పెరిగిందని చాలాకాలంగా డుటాస్టెరైడ్ మాత్ర వాడుతున్నాను. మామూలు చెకప్‌లో పీఎస్ఏ 3.4 వచ్చింది. నాలుగు లోపే కదా, నార్మల్ అనేశారు డాక్టరుగారు. ఉద్యోగమంతా ఆడిట్‌లో చేసినవాణ్ణి, కాగితం చేతికొస్తే చివరి అక్షరం దాకా చదవందే వదలను. మందు పెట్టెలో మడతపెట్టి ఉండే చీటీలో చూస్తే, ఈ మాత్ర ఆరు నెలలు వాడాక పీఎస్ఏ సగానికి సగం తగ్గి కనిపిస్తుంది, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోవాలి అని ఉంది. అంటే నాది 6.8! చీటీ తీసుకెళ్లి ముందు పెడితే ముఖం ముడుచుకుని యూరాలజిస్టుకు రాసిచ్చారు. ఫినాస్టెరైడ్ వాడేవాళ్లకీ ఇదే లెక్క. ఏ మందులు వాడుతున్నారని వాళ్లు అడుగుతారని కూర్చోకండి, మీరే చెప్పండి.

ఎమ్మారైలో మోత తప్ప కష్టమేమీ లేదు. స్కాన్ చూసి క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె పై-రాడ్స్, అది నాకు 4 అని వచ్చింది, అనుమానం గట్టిదేనన్నమాట. బయాప్సీ కూడా భయపడినంత లేదు. తర్వాత కొన్నాళ్లు మూత్రంలో రక్తం పడింది, అది మామూలేనట. జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.

తీసిన 12 ముక్కల్లో రెండింట్లో క్యాన్సర్ ఉంది. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 3+3=6. పదికి ఆరంటే సగం దాటిపోయిందని మా ఆవిడ ఒకటే ఏడుపు. బయాప్సీలో క్యాన్సర్‌కు ఇచ్చే స్కోరే ఆరు నుంచి మొదలవుతుందని, ఆరంటే అన్నిటికన్నా నెమ్మదైన రకమని ఆ రోజు మాకు ఒక్కరూ చెప్పలేదు.

ఇక ఆ సర్జన్ గదిలో జరిగింది చెప్పాలి. ఆయన కంప్యూటర్ తెరను మా అబ్బాయి వైపు తిప్పారు. నేను కూర్చున్న చోటికి దాని వెనక వైర్లే కనిపిస్తున్నాయి. ‘మీ నాన్నగారికి ప్రోస్టేట్‌ను రోబోతో తీసేద్దాం, వచ్చే వారమే ఖాళీ ఉంది’ అంటూ ఫైలు మూలన తేదీ కూడా రాసేశారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులేమిటని నేను అడిగితే, మా అబ్బాయినే చూస్తూ, ‘కొన్నాళ్లు మూత్రం ఆగకపోవచ్చు, ప్యాడ్లు వాడాలి. రెండోది... ఈ వయసులో దాంతో పనేముంది లెండి’ అని నవ్వారు. మావాడు తలెత్తలేదు. ఇంట్లో ఎప్పుడూ నోరెత్తి చెప్పుకోని సంగతి, కన్నకొడుకు ముందు, పక్కన నర్సు నిలబడి ఉండగా! నాకు పని ఉందో లేదో తేల్చడానికి ఆయనెవరు? ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుందని మళ్లీ అడిగాను. ‘పెద్దవాళ్లు ఇలాగే భయపడతారు, మీరు నచ్చజెప్పండి’ అని మావాడికి పురమాయించారు. నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఫైలు అందుకుని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక గొడవే. ‘క్యాన్సర్ అని తెలిశాక ఊరికే ఎలా కూర్చుంటావు నాన్నా’ అంటాడు వాడు. వాడిదీ భయమే, కాదనను.

రెండో డాక్టరమ్మ రేడియేషన్ వైద్యురాలు. ముందు నన్ను కూర్చోమని, మావాణ్ణి కాసేపు బయట ఉండమన్నారు. దండం పెట్టాలనిపించింది. నాలాంటి రకానికి యాక్టివ్ సర్వైలెన్స్ ఉందని, అంటే ఊరికే వదిలేయడం కాదు, పీఎస్ఏ, ఎమ్మారై, అవసరాన్ని బట్టి మళ్లీ బయాప్సీ చేస్తూ కనిపెట్టుకుని ఉండటమని చెప్పారు. బ్రిటన్‌లో చేసిన ప్రొటెక్ట్ అధ్యయనం ఫలితాలు చూపించారు. 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండటం అని మూడు గుంపులు చేశారట. 2023లో వచ్చిన 15 ఏళ్ల లెక్క ప్రకారం ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఏ గుంపులో చూసినా నూటికి ఇద్దరు ముగ్గురే. కనిపెట్టి ఉన్న గుంపులో జబ్బు వేరే చోటికి పాకడం దాదాపు రెట్టింపు ఉందని, సగం మందికి పైగా తర్వాత చికిత్సకు వెళ్లారని కూడా దాచకుండా చెప్పారు. ఆ రెండో ముక్క చెప్పినందుకే ఆవిణ్ణి నమ్మాను. రేడియేషన్‌తో మలద్వారం ఇబ్బందులు రావచ్చని కూడా తనే అన్నారు. తను చేసే వైద్యం గురించే!

సర్వైలెన్స్‌కే సరేనన్నాను. రిపోర్టు వచ్చే ముందు వారం ఇంట్లో టెన్షన్ తప్పదు. స్కోరు ఏడో, ఎనిమిదో వచ్చినవాళ్లు నన్ను చూసి ఆగిపోకండి, మీ లెక్క వేరు.

మా బావగారికి 81. ఏ బాధా లేదు, నా సంగతి విని తనకూ పీఎస్ఏ చేయించమంటున్నారు. 70 దాటినవాళ్లకు లక్షణాలేవీ లేకుండా ఆ టెస్టు వద్దని అమెరికా నిపుణుల బృందం 2018లోనే చెప్పింది, నెమ్మదిగా పెరిగేదాన్ని ఆ వయసులో వెతికి పట్టుకుంటే మేలు కన్నా హింసే ఎక్కువని గంటసేపు వివరించాను. పొద్దున ఫోన్ చేశారు, రక్తం ఇచ్చి వచ్చారట.