సభ్యత్వం కోసం షెడ్డు కొప్పు తెరిచిన వైనం

వ్యవసాయ కట్టడాల నిర్మాణదారుల సంఘంలో నాకు సభ్యత్వం ఖరారైనట్లు ఉత్తరం వచ్చి రెండు రోజులే అయింది కనుక, వేడి చల్లారకముందే జరిగినది రాస్తున్నాను. పెద్ద షెడ్లు కట్టించేవారు సంఘం సభ్యులనే పిలుస్తున్నారని తెలిసి దరఖాస్తు చేశాను. రుసుము, బీమా పత్రాలు, పాత పనుల యజమానుల సిఫారసు లేఖలు, ఉక్కు నాణ్యతకు దాన్ని తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్లు వారంలో సమకూరాయి.

నా పరువు తీసింది మాత్రం క్షేత్ర తనిఖీ. నేను కట్టినవాటిలో ఒకటి చూపించమంటే, 60 అడుగుల వెడల్పున్న పశువుల షెడ్డును ఏరికోరి చూపించాను. గాలివానకు నా షెడ్డు ఒక్కటీ ఒరగలేదని ఎవరి ముందైనా చెప్పగలను. వచ్చిన తనిఖీదారు వయసులో నాకంటే బాగా చిన్నవారు. స్తంభాల జోలికీ బోల్టుల జోలికీ పోకుండా, రేకుల అడుగున వరుసగా వేలాడుతున్న నీటి చుక్కలనూ తుప్పు మొదలైన పర్లిన్లనూ (రేకులను మోసే అడ్డ కమ్మీలు) చూపించి, "కప్పు ఎక్కడ కారుతోందండీ?" అని అడిగారు. వాన పడి పది రోజులైందని, నా కప్పు కారదని కాస్త గట్టిగానే చెప్పాను. ఆయనకు కావలసిందీ ఆ జవాబే. పొగ వదిలే చిన్న గొట్టం తీసి షెడ్డు నడుమ పట్టుకుంటే, ఆ పొగ పైకి లేచి, కప్పు రెండు వాలులూ పైన కలిసే కొప్పు దగ్గర దారి దొరకక రేకుల కిందనే పరుచుకొని, మెల్లగా మా ముఖాల మీదికి దిగివచ్చింది.

పశువుల ఊపిరిలోని తేమ వెచ్చని గాలితోపాటు కొప్పు సందులోంచి బయటికి పోవాలి, చూరు కింద నుంచి కొత్త గాలి రావాలి. లేకపోతే ఆ తేమ చల్లని రేకుకు తగిలి నీరై కారుతుంది. వెడల్పు ప్రతి 10 అడుగులకు కొప్పు దగ్గర 2 అంగుళాల చొప్పున, అంటే ఈ షెడ్డుకు 12 అంగుళాలు, ఒక్కొక్క చూరు దగ్గర కనీసం అందులో సగం తెరిచి ఉంచాలన్న లెక్క నాకు తెలియనిది కాదు. వాన లోపల పడుతుందని యజమాని పట్టుబడితే, మాటామాటా ఎందుకని మూసేశాను. ఆ సంగతి చెప్పబోతుండగానే యజమాని అందుకొని, "మూస్తే ఇలా అవుతుందని ఈయన ఒక్క మాటైనా చెప్పలేదండీ" అన్నాడు. నా పనివాళ్ల ఎదుట ఆ మాట పడ్డాక నోరు పెగల్లేదు. నిజానికి చెప్పాను, రాసి సంతకం తీసుకోలేదు. ఎంత దగ్గరివాడైనా సరే, యజమాని కోరిన ప్రతి మార్పుకూ ముందు సంతకం తీసుకోండి.

సొంత ఖర్చుతో కొప్పు తెరిచి, సందుకు అటూ ఇటూ రేకును నిలువుగా మడిచి, మళ్లీ తనిఖీకి రాస్తే, మొదటి నివేదిక నకలు జతచేయలేదని కార్యాలయంవారు రెండుసార్లు తిప్పి పంపారు. ఆ నివేదిక రాసిందీ, నాకు ఇవ్వకుండా దాచుకున్నదీ వారే. తనిఖీదారు మీద మాత్రం నాకిప్పుడు కోపం లేదు. రెండోసారి పొగ తిన్నగా పైకి పోవడం చూసి, పర్లిన్లకు తుప్పు గీకించి జింకు పెయింటు వేయించమని చెప్పి వెళ్లారు. ఇక ఆ యజమాని, కొప్పు తెరిపించింది తానేనని వచ్చినవారందరికీ చెబుతున్నాడు.